కవల మగపిల్లలకు పక్కపక్క సీట్ల స్ట్రోలర్: మన లిఫ్టుల్లో, మన రోడ్ల మీద

ఏడాది దాటి పరుగులు నేర్చిన కవల మగపిల్లలతో గడప దాటాలంటే ఒక్క మనిషికి రెండు చేతులు చాలవు. ఒకడు సెల్లార్‌లో కూర్చుని కంకరరాళ్లు ఏరుతుంటే రెండోవాడు అప్పటికే గేటు దగ్గర బైకుల మధ్యకు చేరిపోతాడు. జంట సీట్ల స్ట్రోలర్ అసలు అవసరం ఈ వయసులోనే పడుతుంది. నెలల పిల్లలప్పుడు ఎలాగోలా ఎత్తుకుని తిప్పొచ్చు, ఒక్కొక్కడు పది కిలోలకు వచ్చాక అది కుదరదు. ఇక్కడ చెబుతున్నది ఏదో ఒక బ్రాండు గురించి కాదు, ఒక రకం గురించి: రెండు సీట్లు పక్కపక్కన ఉండి, గొడుగులా మడిచే బండి. ఒకటి నుంచి మూడేళ్ల లోపు మగపిల్లలకు, మన అపార్ట్‌మెంట్లకు దొరికేవాటిలో ఇదే మేలు. దీని లోపాలూ చిన్నవి కావు. అవి తెలిసి కొనాలి.

ముందు టేపు పట్టుకుని లిఫ్టు దగ్గరికి వెళ్లండి. ఈ బండ్ల వెడల్పు ఎక్కువగా 74 నుంచి 80 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. లిఫ్టు లోపల రేకు మీద రాసి ఉండే బరువు చూస్తేనే సగం సంగతి తెలుస్తుంది. ‘6 మంది, 408 కిలోలు’ అని ఉంటే తలుపు సాధారణంగా 70 సెం.మీ. తెరుచుకుంటుంది, ఈ బండి అందులో పట్టదు. ‘8 మంది, 544 కిలోలు’ అయితే సాధారణంగా 80 సెం.మీ. ఉంటుంది. అందులో 75, 76 ఉన్న బండి తేలిగ్గా వెళ్తుంది. 78 దాటిందంటే రోజూ చక్రం తలుపు అంచుకు రాసుకోవడమే. తలుపు పూర్తిగా తెరుచుకున్నాక మిగిలే ఖాళీనే కొలవండి. ఇంట్లో మూడడుగుల తలుపైనా చట్రం, చెక్క మందం పోను 80 పైచిలుకే మిగులుతుంది. బాత్‌రూం తలుపులోంచి మాత్రం మడిచి తీసుకెళ్లాల్సిందే.

లిఫ్టులోకి ముందు మనం వెనక్కి నడుస్తూ ఎక్కి, బండిని లోపలికి లాక్కోవాలి. నెట్టుకుంటూ వెళ్తే ముందున్న చిన్న చక్రాలు పక్కకు తిరిగి గడప సందులో ఇరుక్కుంటాయి. పైగా మనం లోపలుంటే తలుపు తెరిచి ఉంచే బటన్ మన చేతికి అందుతుంది. దిగేటప్పుడు హ్యాండిళ్లను కొద్దిగా కిందికి నొక్కితే ముందు చక్రాలు లేచి సందు దాటేస్తాయి.

గొడుగు మడతను కనిపెట్టింది ఓవెన్ మెక్‌లారెన్ అనే బ్రిటిష్ ఇంజనీరు, 1965లో. అంతకుముందు ఆయన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల భాగం మీద పనిచేశారు. సన్నని అల్యూమినియం గొట్టాలు, కత్తెరలా కలుసుకునే కడ్డీలు ఆ అనుభవంలోంచి వచ్చినవే. ఒక సీటు బండికి ఆ డిజైన్ చక్కగా అమరింది. రెండు సీట్లు కలిపినప్పుడు మాత్రం మధ్యలో మూడో కాలు వచ్చి చేరుతుంది. మన రోడ్ల మీద ఇబ్బందంతా ఆ మధ్య కాలితోనే. ముందు మూడు జతల చక్రాలు ఒకే మట్టానికి ఆనాలి. మ్యాన్‌హోల్ మూత ఒక అంగుళం పైకి లేచి ఉన్నా, రోడ్డు మధ్యలో ఉబ్బి ఉన్నా బరువంతా మధ్య చక్రం మీద పడి, పక్క చక్రాలు గాలిలో తిరుగుతాయి. అప్పుడు బండి ఒకవైపుకు గుంజుతుంది. అందుకే చక్రం సైజు అడిగి కొనండి. 15 సెం.మీ.కు తగ్గితే సిమెంటు రోడ్డు దిగకూడదు. గట్టి ప్లాస్టిక్ చక్రాలు గడగడలాడిస్తాయి, మెత్తని ఫోమ్ లేదా రబ్బరు పూత ఉన్నవి కుదుపు తగ్గిస్తాయి. గతుకుల్లో ముందు చక్రాలు పక్కలకు తిరగకుండా లాక్ వేస్తే బండి తిన్నగా పోతుంది.

ఫుట్‌పాత్ ఎక్కించాలంటే బండిని వెనక్కి తిప్పి, వెనక చక్రాలను అంచుకు ఆనించి పైకి లాగండి. ముందువైపు నుంచి ఎత్తబోతే రెండు హ్యాండిళ్ల మీద సమానంగా బలం పడక మధ్య కీలు వదులవుతుంది. ఇంకో సంగతి, విడివిడి హ్యాండిళ్లున్న బండిని ఒంటిచేత్తో నెట్టలేం. ఫోను చెవికి ఆనించుకుని నడవడం కుదరదు, గొడుగు పట్టుకోవడం కూడా. ఒంటిచేత్తో నెట్టాల్సిన అవసరం తరచూ పడేవాళ్లు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే కడ్డీ ఉన్న మోడల్ చూసుకోవాలి. అది ఒకట్రెండు కిలోలు బరువెక్కువ, మడిచినా వెడల్పు తగ్గదు.

ముందువెనక సీట్ల బండి 55, 60 సెం.మీ. వెడల్పే ఉంటుంది కాబట్టి లిఫ్టు తలుపులో దూరుతుందని చాలామంది దానివైపు మొగ్గుతారు. పొడవు మాత్రం 110 దాటుతుంది. ఆరుగురి లిఫ్టు లోపలి లోతు సుమారు 100. బండి దూరాక తలుపు మూసుకోదు, మనకు నిలబడే చోటూ ఉండదు. వెనక సీటు వాడికి ముందువాడి వీపు తప్ప ఏమీ కనబడదు, కాళ్లు చాపుకునే చోటుండదు, దాంతో ముందు సీటును తంతూనే ఉంటాడు. ముందు సీటు కోసం ఇద్దరికీ రోజూ తగాదా. విడివిడిగా రెండు బండ్లు కొని మూడు క్లిప్పులతో జోడించే పద్ధతి ఇంకోటుంది. ఇద్దరు పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు విడదీసుకోవచ్చు, అది దాని సుగుణం. ఒకేలాంటి రెండు బండ్లు కాకపోతే క్లిప్పులు జారుతాయి, జోడించాక వెడల్పు 80 దాటిపోతుంది. తాతయ్యో నాయనమ్మో రోజూ తోడుండే ఇంటికి అది బాగుంటుంది. మిగతావాళ్లకు పక్కపక్క సీట్లదే తీసుకోమంటాం.

ఇక బెల్టు. మొత్తం బండిలో ఎక్కువ శ్రద్ధ దీనిమీదే పెట్టాలి. భుజాలకు రెండు, నడుముకు రెండు, కాళ్ల మధ్య ఒకటి, ఇలా ఐదు పట్టీలున్నదే కొనండి. నడుము పట్టీ ఒక్కటే ఉంటే రెండేళ్ల మగపిల్లాడు లేచి సీటు మీద నిలబడతాడు. ఎక్కించే ముందు బ్రేకు వేయాలి. ముందుగా ఎక్కువ పరుగెత్తేవాణ్ని కూర్చోబెట్టాలి, నింపాదిగా ఉండేవాడు అరనిమిషం ఆగగలడు. పిల్లాడి నడుమును సీటు వెనక్కి ఆనించి, కాళ్ల మధ్య పట్టీ పైకి తీసి, నడుము పట్టీలు తొడిగి బిగించి, ఆ తర్వాతే భుజాల పట్టీలు లాగాలి. చాలామంది భుజాలవి ముందు లాగేస్తారు. అప్పుడు నడుము వదులుగా ఉండిపోయి వాడు కిందికి జారతాడు, పట్టీ మెడ దగ్గరికి వస్తుంది. బిగించాక పట్టీకి, ఛాతీకి మధ్య ఒక వేలు దూరితే చాలు. వీపు విల్లులా వంచి మొండికేస్తే పొట్ట మీద నొక్కొద్దు. అరచేతిని తొడ మొదట్లో ఆనించి, రెండో చేత్తో వాడి చేతికి మురుకో ఖర్జూరమో ఇస్తే దానివైపు ముందుకు వంగుతాడు, నడుము దానంతటదే వెనక్కి ఆనుతుంది.

పెద్దోడికి ఒక వైపు, చిన్నోడికి ఇంకో వైపు ఖాయం చేసేయండి. ఒకే కడుపున పుట్టినా ఇద్దరి కొలతలూ ఒకటి కావు, రోజూ సీట్లు మారిస్తే రోజూ పట్టీలు సరిచేయాలి. ఇద్దరి బరువులో తేడా ఉంటే బండి బరువున్నవాడి వైపు లాగుతుంది. నీళ్ల సీసాలు, డైపర్ల సంచి కింది బుట్టలో తేలికవాడి వైపు పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

హ్యాండిల్‌కు సంచులు తగిలించకండి. కూరగాయల సంచి వేలాడుతుండగా పిల్లల్ని దింపితే బండి వెనక్కి పడుతుంది. ఒకణ్ని దింపి రెండోవాడు ఇంకా కూర్చుని ఉన్న ఆ క్షణంలోనే ఎక్కువ ప్రమాదం. దిగేటప్పుడు వరస ఇది: బ్రేకు, సంచులు, ఆ తర్వాత పిల్లలు. రెండు వైపుల వెనక చక్రాలనూ ఒకే పెడల్ ఆపాలి. విడివిడి పెడళ్లుంటే ఒకటి మరిచిపోతాం. కొట్లోనే బండిలో ఇరవై కిలోల బియ్యం బస్తా పెట్టి, ర్యాంపు మీద బ్రేకు వేసి చూడండి.

ఆ బరువు ఊరికే చెప్పలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం మగపిల్లాడి మధ్యస్థ బరువు రెండేళ్లకు 12.2 కిలోలు, మూడేళ్లకు 14.3. చాలా బండ్లు ఒక్కో సీటుకు 15 కిలోల దాకానే భరిస్తాయి. అంటే మూడేళ్లు దాటిన కొద్ది నెలలకే దీని పని అయిపోతుంది. ఇప్పటికే రెండున్నరేళ్లుంటే కొత్తది కొనడం దండగ. రెండేళ్ల ఇద్దరు పిల్లలు, పదమూడు కిలోల బండి, సామాను కలిపితే నలభై కిలోల దాకా ర్యాంపు ఎక్కించాలి. వయసుపైబడినవాళ్లకు ఒంటరిగా అప్పగించవద్దు.

మడిచేటప్పుడు పిల్లలిద్దరూ కారులోనో ఇంట్లోనో ఉండాలి. కత్తెర కడ్డీల కీలు దగ్గర వేలు పెడితే తెగిపోయేంత బలం ఉంటుంది. 2009 నవంబరులో అమెరికాలో మెక్‌లారెన్ కంపెనీ సుమారు 10 లక్షల గొడుగు మడత బండ్లకు రీకాల్ (లోపం సరిచేసే పిలుపు) ప్రకటించి, కీళ్లకు తొడుగులు పంపింది. పిల్లల వేలి కొనలు తెగినట్టు 12 ఫిర్యాదులొచ్చాక జరిగిన సంగతి అది. జంట మోడళ్లు కూడా అందులో ఉన్నాయి. కీళ్లకు గుడ్డ లేదా రబ్బరు తొడుగు లేని బండి కొనొద్దు. మడిచాక పొడవు మీటరు దాటుతుంది. చిన్న కారు డిక్కీలో ఏటవాలుగానే పడుతుంది, సీఎన్‌జీ సిలిండర్ ఉంటే అసలు పట్టదు.

ఎండాకాలం పొద్దున తొమ్మిదింటి తర్వాత దీన్ని బయటికి తీయకండి. నీడ కోసం పందిరి మీద చున్నీ, తువ్వాలు కప్పడం చాలా చోట్ల చూస్తుంటాం. గాలి ఆడక లోపల బయటికంటే వేడెక్కిపోతుంది. పందిరి కిందికి బాగా వంగేది, వెనక జాలీ కిటికీ ఉన్నది కొనండి. సాయంత్రం దోమలకు రెండు సీట్లనూ కలిపి కప్పే దోమతెర విడిగా కొనుక్కోవాలి, ఒక సీటు తెరలు రెండు కట్టినా మధ్యలో సందు మిగులుతుంది. విశాఖ బీచ్ రోడ్డు ఫుట్‌పాత్ మీద ఈ బండి బాగా నడుస్తుంది, ఇసుకలోకి దించితే మాత్రం చక్రాలు దిగబడతాయి, ఉప్పు గాలికి బోల్టులు తుప్పు పడతాయి. తిరిగొచ్చాక తడిగుడ్డతో తుడవాలి. రైతుబజారుకు, జాతరకు ఇది వద్దు. అక్కడ పిల్లాడికొక పెద్దమనిషి ఉండాల్సిందే.

సెల్లార్‌లో ఉంచేట్టయితే సైకిల్ తాళం వేసి, కూర్చోబెట్టే ముందు సీటు దులపండి, బొద్దింకలు చేరతాయి. అరటిపండు, జ్యూసు కారి బకిల్ నొక్కితే ఊడదు. నూనె వేయకండి, దానికి దుమ్ము పట్టి ఇంకా బిగుసుకుంటుంది. బకిల్ భాగాన్ని కప్పు గోరువెచ్చని నీళ్లలో కాసేపు ముంచి, పలుమార్లు నొక్కి, ఆరనిస్తే సరిపోతుంది. చక్రాల ఇరుసుకు వెంట్రుకలు, దారాలు చుట్టుకుంటాయి, నెలకోసారి బ్లేడుతో కోసి తీయాలి.

సెకండ్ హ్యాండ్‌లో ఇవి తక్కువ ధరకే దొరుకుతాయి, కవలల ఇళ్లలో రెండేళ్లలోనే పని అయిపోతుంది కాబట్టి. ఖాళీ బండిని నున్నటి నేల మీద వదిలేసి తోయండి. రెండు మీటర్లు తిన్నగా పోకపోతే చట్రం వంగినట్టు. ఆ తర్వాత మధ్య చక్రం చూడండి, అరిగేది ముందు అదే. రెండు బకిళ్లూ టక్కుమని పడాలి, మడత లాక్ ఊపినా ఊడకూడదు. బట్ట చిరిగితే కుట్టించుకోవచ్చు, లాక్ వదులైన బండి మాత్రం ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.