కలాథియానా, మాన్‌స్టెరానా? ముందు మీ నీళ్ళ సంగతి చెప్పండి

పోయినేడు జూన్‌లో మా ఆఫీసు అమ్మాయి ఫోన్‌లో ఇంట్లో పెంచుకునే రెండు మొక్కల ఫోటోలు చూపించింది. ఒకటి కలాథియా, ఇంకోటి మాన్‌స్టెరా. నిజాంపేటలో కొత్త ఫ్లాట్‌లో అప్పుడే దిగారు. "హాల్లో టీవీ పక్కన ఒక్క కుండీకే చోటుంది అక్కా. ఈ రెండిట్లో ఏది తెచ్చుకోమంటావ్?"

"మీకొచ్చేది మంజీరా నీళ్ళా, బోరు నీళ్ళా?" అన్నాను. మొక్క గురించి అడిగితే నీళ్ళ గోల ఏంటన్నట్టు చూసింది. (నల్లాలో కృష్ణా వచ్చినా గోదావరి వచ్చినా హైదరాబాద్‌లో మన నోటికి అవి మంజీరా నీళ్ళే.) "తాగడానికి, వంటకి మంజీరా. మిగతా అన్నిటికీ బోరే. ఎండాకాలం ట్యాంకర్" అంది. అయితే నా ఓటు మాన్‌స్టెరాకే అన్నాను.

రెండు కలాథియాలని చేజేతులా చంపుకున్నాక వచ్చిన జ్ఞానం ఇది.

అందంలో అయితే పోటీయే లేదు. కలాథియా ఆకు మీద ఎవరో సన్న కుంచె పట్టుకుని తీరిగ్గా గీతలు దిద్దినట్టుంటుంది. తిప్పి చూస్తే అడుగంతా వంకాయ రంగు. కాడ ఆకుని కలిసే చోట చిన్న కణుపులా ఉబ్బు ఉంటుంది. చీకటి పడేసరికి ఆ కణుపులో ఒకవైపు నీరు ఎక్కి, రెండోవైపు తగ్గి, ఆకులు నిటారుగా లేస్తాయి. పొద్దున మళ్ళీ వాలతాయి. చింతాకు రాత్రిపూట ముడుచుకుంటుంది చూడండి, ఆ బాపతే. రాత్రి టీవీ కట్టేశాక ఆకుకి ఆకు రాసుకునే సన్న చప్పుడు మా హాల్లో వినిపించేది. అందుకే పోయినప్పుడు అంత బాధ. (కలాథియాల్లో చాలావాటిని 2012లో గెప్పెర్టియా అనే ప్రజాతిలోకి మార్చారు. నర్సరీవాళ్ళెవరూ ఆ పేరు పట్టించుకోలేదు, మనమూ పట్టించుకోనక్కర్లేదు.)

దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా వానల అడవులు. పెద్ద చెట్ల నీడ, ఎప్పుడూ తేమగా ఉండే గాలి, ఉప్పు తెలియని వాన నీళ్ళు. మనం తెచ్చి పెట్టేది గ్రానైట్ రాళ్ళ మీద కట్టుకున్న ఊళ్ళో. మన బోరు నీళ్ళలో ఎంత ఉప్పుందో స్టీలు బకెట్ అంచు చూస్తే తెలుస్తుంది, తెల్లగా పొర కడుతుంది. అదే పొర కుండీలో మట్టి మీదా కడుతుంది. మొక్క నీళ్ళు తాగి, ఆకుల గుండా ఆవిరి వదిలేస్తుంది. ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు, ఆకు అంచుల్లో పేరుకుంటుంది. ముందు కొస గోధుమరంగుకి తిరుగుతుంది, తర్వాత అంచంతా. చివరికి ముట్టుకుంటే వేయించిన అప్పడంలా చిట్లుతుంది.

నా మొదటి కలాథియాకి నేను చేసిన ద్రోహం ఇంకా పెద్దది. నీళ్ళు వృథా ఎందుకని ఆర్‌వో ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్ళు పట్టి నాలుగు నెలలు పోశాను. పొదుపు చేస్తున్నానని గర్వం కూడా. శుభ్రమైన నీళ్ళు మన గ్లాసులోకి వస్తే, వడకట్టిన ఉప్పంతా ఆ వేస్ట్ పైపులోకేగా పోయేది! బోరు నీళ్ళకంటే చిక్కటి ఉప్పు నీళ్ళు పోశానన్నమాట. ఆ నీళ్ళు ఇల్లు తుడవడానికి బాగుంటాయి, కుండీకి వద్దు. నీళ్ళు రాత్రంతా బకెట్‌లో ఉంచితే సరిపోతుందని కూడా చెప్తుంటారు. దానివల్ల క్లోరిన్ కొంత పోతుందేమో కానీ ఉప్పు పోదు.

రెండోది గాలికి పోయింది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో మన దగ్గర గాలిలో తేమ 30 శాతం చుట్టుపక్కలకి పడిపోతుంది. కలాథియాకి 50, 60 ఉంటే గానీ ఊపిరాడదు. దానికితోడు ఏసీ, ఉన్న కాస్త తేమనీ లాగేస్తుంది. స్ప్రే బాటిల్‌తో రోజుకి మూడుసార్లు చల్లాను. ఆ తడి పది నిమిషాల్లో ఆరిపోయేది, బోరు నీళ్ళ మచ్చలు మాత్రం ఆకుల మీద మిగిలేవి. తమాషా ఏంటంటే, అదే ఎండాకాలం మా చెల్లెలి ఇంట్లో కలాథియా నిక్షేపంగా ఉంది. వాళ్ళకి ఏసీ లేదు, వట్టివేళ్ళ కూలర్ ఉంది. ఆ గాలి నేరుగా తగలకుండా అదే గదిలో ఓ మూల మొక్కని పెట్టింది, అంతే. కాబట్టి కూలర్ ఇళ్ళవాళ్ళు కలాథియా గురించి నేను చెప్పేదాంట్లో సగం కొట్టిపారేయొచ్చు.

మాన్‌స్టెరాది మొరటు ఒళ్ళు. మెక్సికో దక్షిణం నుంచి పనామా దాకా అడవుల్లో చెట్లు పట్టుకుని పాకే జాతి. మన చేమ, కంద దాని కుటుంబమే. ఆకు మందం, బోరు నీళ్ళకి కొస కాస్త మాడినా మొక్క లెక్కచేయదు. నెలకోసారి కుండీని బాత్రూమ్‌లో పెట్టి, అడుగు రంధ్రాల్లోంచి ధారగా పోయేదాకా మంచినీళ్ళు పోస్తే పేరుకున్న ఉప్పు చాలావరకు కొట్టుకుపోతుంది. మామూలు రోజుల్లో వేలు రెండు అంగుళాలు గుచ్చి చూడండి, పొడిగా తగిలితేనే పోయండి. మా ఇంట్లో మే నెలలో నాలుగైదు రోజులకోసారి, వానల్లో పది రోజులకి. ఈ మొక్క నీళ్ళు లేక చావడం నేను చూళ్ళేదు, ప్రేమ ఎక్కువై వేరు కుళ్ళి చావడం చూశాను.

దానికీ పేచీలున్నాయి. ఆకుల్లో ఆ చిల్లులు చూసే కదా కొంటాం, వెలుతురు చాలకపోతే చిల్లులు రావు. చేమాకులా నిండుగానే ఉండిపోతుంది. కిటికీకి నాలుగైదు అడుగుల లోపు ఉండాలి, తూర్పు కిటికీ అయితే మేలు. పడమటి ఎండ నేరుగా పడితే ఆకు ఒక్క మధ్యాహ్నంలో మాడుతుంది. చేమలాగే దాని ఆకు, కాడ నోట్లో పెట్టుకుంటే దురద, మంట. పాకే పాప గానీ, ఆకులు నమిలే పిల్లి గానీ ఉన్న ఇంట్లో దీనికంటే కలాథియానే నయం, దానికి ఆ బాధ లేదు. ఇంకోటి, నర్సరీలో దొరికే మొక్కలు చాలావరకు కడియం నుంచి లారీల్లో వస్తాయి, వేళ్ళ చుట్టూ ఎర్రమట్టి ముద్ద గట్టిగా పట్టుకుని ఉంటుంది. కుండీలో అది ఎండితే ఇటుక, తడిస్తే బురద. కొన్న వారం పది రోజులకి ఆ ముద్దని నెమ్మదిగా విదిలించి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు), పెర్లైట్ (తేలికపాటి తెల్ల గుళికలు), వర్మీకంపోస్ట్ కలిపిన మట్టిలోకి మార్చాలి.

హాల్లో పగలే లైటు వేసుకోవాల్సిన ఫ్లాట్ అయితే ఈ రెండూ వదిలేసి జెడ్‌జెడ్ మొక్క తెచ్చుకోండి. తూర్పు ఆఫ్రికా కరువు నేలల్లోది, మట్టిలో బంగాళాదుంపల్లాంటి దుంపల్లో నీళ్ళు దాచుకుంటుంది. మూడు వారాలు ఊరెళ్ళొచ్చినా ఏమీ కాదు. చూడ్డానికి కొంచెం ప్లాస్టిక్ మొక్కలా ఉంటుంది, అదొక్కటే నాకు నచ్చదు.

ఇదంతా విన్నాక కూడా "కలాథియానే కావాలి" అంటే మే నెలలో మాత్రం కొనకండి. వానలు మొదలయ్యాక కొంటే కుదురుకోవడానికి దానికి నాలుగైదు నెలలు దొరుకుతాయి. వాన నీళ్ళు పట్టుకోండి. ఏసీ పైపు కింద బకెట్ పెట్టినా సరే, ఆ నీళ్ళలో ఉప్పు దాదాపు ఉండదు. కూరమొక్కలకి వద్దు గానీ, ఆకుల మొక్కలకి నేను అవే పోస్తున్నాను.

ఆ అమ్మాయి మాన్‌స్టెరానే తీసుకుంది. వాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళలేకపోయాను కదా అని మొన్న ఆదివారం వెళ్ళాను. మొక్క టీవీలో ఓ మూలని కమ్మేసింది. స్కోరు కనపడే వైపు ఉన్న ఆకుని వాళ్ళ మామగారు పాత పంచె అంచు చింపి కిటికీ ఊచకి కట్టేశారు. "కోడలు కొయ్యనివ్వట్లేదమ్మా, ఏం చేయను" అన్నారు నాతో.