మలయాళం సినిమా ఇంట్లో చూడాలంటే ఏది మేలు: డబ్బింగా, సబ్‌టైటిల్సా, రీమేకా?

ముందే చెప్పేస్తున్నా, నాకు రీమేకులంటే చిన్నచూపు. అయినా ఈ మూడు దారుల్లో చూసినవాటిలో మనసుకి బాగా పట్టింది మాత్రం ఒక రీమేకే. దాని సంగతికి తర్వాత వస్తా.

మొదట డబ్బింగ్. దీన్ని తిట్టడం ఇప్పుడు ఫ్యాషన్ అయిపోయింది. 'సబ్‌టైటిల్స్ పెట్టుకుని ఒరిజినల్ చూడండి' అని సలహా ఇచ్చేవాళ్లకి ఇంట్లో అమ్మలు, అమ్మమ్మలు ఉన్నారన్న సంగతి గుర్తుండదేమో. మా అమ్మ టీవీ చూసేది చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ, మధ్యలో కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకుంటూ. పైగా మలయాళం సినిమాలకి ఎక్కువగా దొరికేవి ఇంగ్లీషు సబ్‌టైటిల్సే, తెలుగువి అరుదు. 2020 లాక్‌డౌన్‌లో ఆహా వాళ్లు వరసపెట్టి మలయాళ డబ్బింగులు వదిలారు కాబట్టే మా వీధిలో ఆంటీలకి కూడా ఫహద్ ఫాజిల్ అంటే ఎవరో తెలిసింది. మర్డర్ మిస్టరీలకి డబ్బింగ్ చాలు, హంతకుడు ఎవరన్న టెన్షన్‌లో గొంతు ఎవరిదని ఎవరూ పట్టించుకోరు.

కానీ పల్లెటూరి కథ, నలుగురు కూర్చుని కబుర్లు చెప్పుకునే కథ అయితే మాత్రం నాకు డబ్బింగ్ పడదు. పెదాల కదలికకి సరిపోవాలి, షాట్ అయ్యేలోగా వాక్యం అయిపోవాలి, అందుకని ఎవరూ ఇంట్లో మాట్లాడని వరసలో మాటలు పేరుస్తారు. ఇడుక్కి కొండల మీద టీ కొట్టు పెట్టుకున్నాయన, కొచ్చిలో లాయరు, ఇద్దరిదీ ఒకటే తెలుగు, అది ఏ జిల్లాదో చెప్పండి చూద్దాం. శ్రీకాకుళం బస్సెక్కితే రెండు స్టాపులకే యాస మారిపోయే ప్రాంతం మాది, మా చెవికి ఇది వెంటనే దొరికిపోతుంది. 'ప్రేమలు' తెలుగు వెర్షన్ నయం, 2024లో దానికి మాటలు రాసిన ఆదిత్య హాసన్ మన కుర్రాళ్లు నిజంగా మాట్లాడుకునేలా రాశాడు, నవ్వులు పండాయి. కాకపోతే అది మలయాళం పిల్లలు హైదరాబాద్ వచ్చి పడే పాట్ల కథ, అందరూ తెలుగే మాట్లాడేస్తుంటే పరాయి ఊళ్లో ఉన్నామన్న ఆ తికమక ఎక్కడికి పోయినట్టు?

సబ్‌టైటిల్స్ బలం ఇక్కడే తెలుస్తుంది. కింద అక్షరాలన్నీ ఒకే ఇంగ్లీషులో ఉన్నా, భాష మారితే చెవికి తెలిసిపోతుంది. 'మంజుమ్మెల్ బాయ్స్'లో కొచ్చి కుర్రాళ్లు కొడైకెనాల్ వెళ్లి తమిళం వాళ్ల మధ్య ఇరుక్కుంటారు, ఎవరి మాట ఎవరికి ఎంతవరకు ఎక్కుతోందో వింటేనే ఆ భయం మనకీ పడుతుంది. 'అయ్యప్పనుం కోషియుం'లో అట్టప్పాడి గిరిజన మహిళ నంజమ్మ ఇరుళ భాషలో పాడిన పాట నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా వెనక్కి తిప్పి మళ్లీ విన్నా. ఆ పాటకే ఆమెకి జాతీయ అవార్డు వచ్చింది. నేవీ, స్టీల్ ప్లాంట్ ఉన్న ఊరు కాబట్టి వైజాగ్‌లో పక్కింట్లో మలయాళీ కుటుంబం ఉండటం వింతేమీ కాదు, మా పక్కింటావిడైతే సబ్‌టైటిల్స్‌లో సగం జోకులు ఎగిరిపోతాయని నవ్వుతుంది. నిజమే కావచ్చు. నాకైతే మిగిలిన సగమే చాలు. ఒకటే ఇబ్బంది, నలుగురూ ఒకేసారి మాట్లాడే సీన్‌లో కళ్లు కిందే ఉంటాయి, నటుల ముఖాలు చూసే టైమే ఉండదు. రాత్రి అందరూ పడుకున్నాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కళ్లం చూసుకునే పని ఇది.

రీమేకుల దగ్గరకొస్తే, 'అయ్యప్పనుం కోషియుం'లో ఇద్దరూ సమఉజ్జీలు, పేరులోనే ఇద్దరూ ఉన్నారు. 2022లో తెలుగులోకి వచ్చేసరికి అది 'భీమ్లా నాయక్' అయింది, త్రాసు ఎటు మొగ్గిందో వేరే చెప్పక్కర్లేదు. కిన్నెర మొగులయ్యతో పాడించడం మాత్రం మంచి ఆలోచన, అరువు కథలో అది మన సొంత సొమ్ము. 'దృశ్యం 2' ఇంకో రకం. మలయాళందీ తెలుగుదీ 2021లోనే ప్రైమ్‌లోకి వచ్చాయి, రెండింటికీ దర్శకుడు జీతూ జోసెఫే. రెండూ చూసినవాడికి రెండోదాంట్లో కొత్తగా దొరికేదేమీ లేదు. మా నాన్నకి మాత్రం మలయాళంలో హీరో పాత్ర జార్జికుట్టి ఎవరో అక్కర్లేదు, ఆయనకి వెంకటేష్ రాంబాబే ముఖ్యం. ఆయన లెక్క ఆయనది.

నన్ను పడగొట్టిన రీమేక్ 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య'. 2020 జూలైలో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది, 'మహేషింటె ప్రతికారం' కథే, సంగీతం కూడా రెండింటికీ బిజిబాలే. దెబ్బలు తిన్న ఫోటోగ్రాఫర్ పగ తీర్చుకునేదాకా చెప్పులు వేసుకోనని ఒట్టు పెట్టుకుంటాడు. దర్శకుడు వెంకటేష్ మహా దాన్ని తెచ్చి అరకులో పెట్టాడు. అంతకుముందు కంచరపాలెంలో చాలామంది ఊరి మనుషులతోనే సినిమా తీసినవాడు కదా, ఇక్కడా ఆ పద్ధతే కనిపిస్తుంది. స్టూడియో చూసుకునే సత్యదేవ్, పక్కన కూర్చుని సలహాలిచ్చే నరేష్, వీళ్లు కథ కోసం కాక ఏదో పనుండి అక్కడ ఉన్నట్టే ఉంటారు. అందరి యాసా పక్కాగా కుదిరిందని అనను, కొన్ని చోట్ల సాగదీత కూడా ఉంది. అయినా ఒరిజినల్‌కి ఇడుక్కి ఎంత అవసరమో దీనికి అరకు అంత అవసరం. డబ్బింగ్‌లో ఎప్పుడూ దొరకనిది ఇదే. ఒరిజినల్ ముందే చూసినా నాకు ఇదే దగ్గరయింది, వైజాగ్‌వాడిని కాబట్టి నా మాటని కాస్త తగ్గించి వేసుకోండి.

ఇంతకీ మీరు ఏది ఎంచుకున్నా ఒక చిన్న పని చేయండి. ఒక్కోసారి డబ్బింగ్ ఒక యాప్‌లో ఉంటుంది, ఒరిజినల్ ఇంకో యాప్‌లో ఉంటుంది, కాబట్టి డబ్బు కట్టే ముందే చూసుకోండి. రెండూ ఒకే చోట ఉంటే ఆడియో మెనూలో భాష మార్చుకోవచ్చు, కానీ ఆ మార్చేదేదో మొదటి పది నిమిషాల్లోనే మార్చేయండి. ఇంటర్వెల్ దాటాక హీరో గొంతు మారిందంటే రిమోట్ మీ చేతిలో ఉండనివ్వరు.