కొన్నేళ్లు వాడాక థోనీ గురించి: పైథాన్ మొదలుపెట్టేవాళ్ల కోసం

పైథాన్ (ప్రోగ్రామ్‌లు రాసే ఒక భాష) నేర్చుకోవాలనుకుంటున్నాను, ఎందులో రాయాలి అని ఎవరడిగినా నేను వెంటనే చెప్పే పేరు థోనీ. ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో, కొత్తవాళ్లకి పాఠం చెప్పడం కోసమే పుట్టిన ఎడిటర్, అంటే కోడ్ రాసి నడిపే సాఫ్ట్‌వేర్ ఇది. ఉచితం, ఓపెన్ సోర్స్. నేను బీకాం చదివి ఆడిటర్ ఆఫీసులో పని చేస్తున్నవాణ్ణి, కోడింగ్ నా ఉద్యోగం కాదు. రోజూ ఎక్సెల్ షీట్లతో పడే కుస్తీ తగ్గుతుందని నేర్చుకున్నాను, అదీ థోనీలోనే. ఆ తర్వాత వేరేవాటికి వెళ్లినా చిన్న చిన్న పనులకి ఇప్పటికీ దీన్నే తెరుస్తాను.

మొదట నచ్చేది ఏంటంటే, పైథాన్‌ని విడిగా ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, థోనీతో పాటే వచ్చేస్తుంది. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ నాకు తెలిసి చాలామంది కోడింగ్ మానేసేది ఒక్క లైను రాయకముందే, ఇక్కడే. విండోస్‌లో పైథాన్ వేసేటప్పుడు పాత్‌కి (విండోస్ ప్రోగ్రామ్‌లని వెతికే చోట్ల జాబితాకి) చేర్చమనే టిక్ కింద ఎక్కడో ఉంటుంది, అది పెట్టకుండా ముందుకెళ్తే తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో పైథాన్ అని కొట్టినప్పుడు మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది, కొత్తవాడికి ఏం జరిగిందో అర్థం కాదు, యూట్యూబ్‌లో వెతుకుతాడు, అక్కడ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటూ ఎక్కడికో తీసుకెళ్తారు, ఆ రోజు అలా అయిపోతుంది. థోనీలో ఈ గొడవ లేదు. తెరిస్తే పైన కోడ్ రాసే చోటు, కింద షెల్, అంటే ఒక లైను కొట్టగానే జవాబు చూపించే చోటు. రాయడం, ఎఫ్5 నొక్కడం.

దీని అసలు బలం వేరియబుల్స్ (విలువలకి మనం పెట్టుకునే పేర్లు) కిటికీ. వ్యూ మెనూలోకి వెళ్లి దాన్ని ఆన్ చేసుకోండి, మళ్లీ ఎప్పుడూ మూయకండి. ప్రోగ్రామ్ నడిచాక ఏ పేరులో ఏ విలువ ఉందో పట్టికలా కనిపిస్తుంది. కొత్తవాళ్లందరికీ తగిలే మొదటి దెబ్బ ఒకటుంది: ఇన్‌పుట్ అనే ఫంక్షన్‌తో (పేరు పెట్టి పిలిస్తే ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క) యూజర్ దగ్గర 5 తీసుకుంటాం, ఇంకో 5 తీసుకుంటాం, కూడితే 10 బదులు 55 వస్తుంది. పుస్తకంలో అయితే 'ఇన్‌పుట్ ఎప్పుడూ స్ట్రింగ్‌నే ఇస్తుంది' అని ఒక వాక్యం ఉంటుంది (స్ట్రింగ్ అంటే అక్షరాల వరుస), చదివి మర్చిపోతాం. ఇక్కడ మాత్రం పక్కన పట్టికలో ఆ 5 చుట్టూ కోట్స్ కనిపిస్తాయి. ఇంట్ (పూర్ణసంఖ్యగా మార్చేది) అని పెట్టి మళ్లీ నడిపితే కోట్స్ పోతాయి. అంకెకీ, అంకెలా కనిపించే అక్షరానికీ తేడా కళ్ల ముందే ఉంటుంది, ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంక డీబగ్గర్, అంటే తప్పు ఎక్కడుందో చూడ్డానికి ప్రోగ్రామ్‌ని ఆపి ఆపి నడిపే సాధనం. మామూలు ఎడిటర్లలో డీబగ్గర్ లైను లైనుకీ ఆగుతుంది, థోనీ అయితే ఒకే లైను లోపల కూడా ముక్కముక్కకీ ఆగుతుంది. కంట్రోల్ ఎఫ్5 నొక్కి, తర్వాత ఎఫ్7 నొక్కుతూ వెళ్లాలి. ఉదాహరణకి 'మొత్తం = ధర * సంఖ్య + పన్ను' అని రాశాం అనుకోండి (పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు, నేను సరదాకి కాదు, నిజంగానే పెట్టుకుంటాను). ధర 250, సంఖ్య 4, పన్ను 180. ముందు ధర అనే మాట పోయి అక్కడ 250 వస్తుంది, సంఖ్య పోయి 4 వస్తుంది, ఆ రెండూ కలిసి 1000 అవుతాయి, పన్ను 180గా మారుతుంది, చివరికి 1180 మిగిలి అది మొత్తంలోకి వెళ్తుంది. మాస్టారు బోర్డు మీద స్టెప్పులు వేసి లెక్క చేసి చూపించినట్టు ఉంటుంది. కుడివైపు ముందు లెక్క కట్టి తర్వాత ఎడమవైపు పేరుకి ఇస్తుంది అనే సంగతి ఒకసారి ఇలా చూశాక ఇంక మర్చిపోరు. 'ఎక్స్ = ఎక్స్ + 1' చూసి 'ఇది గణితం ప్రకారం తప్పు కదా' అనేవాళ్లకి నేను వివరించడం మానేశాను, ఎఫ్7 నొక్కమంటాను.

ఫంక్షన్ల దగ్గర ఇంకా బాగుంటుంది. ఒక ఫంక్షన్‌ని పిలిచినప్పుడు అందులోకి దిగితే దానికి వేరే చిన్న కిటికీ తెరుచుకుంటుంది, దాని లోకల్ వేరియబుల్స్ (ఆ ఫంక్షన్ వరకే పనిచేసే పేర్లు) అందులోనే ఉంటాయి, పని అవగానే కిటికీ మూసుకుని జవాబు వెనక్కి వస్తుంది. 5 ఫ్యాక్టోరియల్‌ని రికర్షన్‌తో (ఫంక్షన్ తనని తానే పిలుచుకోవడం) రాసి ఇందులో నడిపి చూడండి. కిటికీ మీద కిటికీ పేరుకుంటూ వెళ్లి, 1 దగ్గర ఆగి, మళ్లీ ఒక్కొక్కటీ మూసుకుంటూ 120తో బయటికొస్తుంది. ఇంజినీరింగ్ చదువుతున్న మా పిన్ని కొడుక్కి ఇది చూపిస్తే, 'అన్నయ్యా, సెమిస్టర్ మొత్తం బట్టీ పట్టింది ఇదేనా?' అన్నాడు. పాపం వాళ్ల కాలేజీ ల్యాబ్‌లో ఇంకా సీ భాషకి వాడే పాతకాలం ఎడిటర్, ఆ నీలం స్క్రీన్ టర్బో సీనే.

లెక్కల పనిలో ఉన్నాను కాబట్టి ఒక మాట. షెల్‌లో 0.1 + 0.2 కొట్టి చూడండి, 0.30000000000000004 వస్తుంది. థోనీ పాడైపోలేదు, కంప్యూటర్ దశాంశాలని బైనరీలో దాచుకునే పద్ధతే అంత. 2.675ని రెండు దశాంశాలకి రౌండ్ చేస్తే 2.68 కాకుండా 2.67 వచ్చేది కూడా అందుకే. జీఎస్టీ బిల్లులతో ఆడేవాళ్లు డెసిమల్ అనే మాడ్యూల్ (దశాంశాలని ఖచ్చితంగా లెక్కకట్టడానికి పైథాన్‌లో సిద్ధంగా ఉండే కోడ్) సంగతి మొదట్లోనే తెలుసుకుంటే పైసాల టెన్షన్ ఉండదు. ఇలాంటివి అప్పటికప్పుడు కొట్టి చూసుకోడానికి కింద షెల్ ఎప్పుడూ సిద్ధంగా ఉండటం నాకు చాలా ఇష్టం. తెలుగువాళ్లు చూడాల్సింది ఇంకొకటి: 'తెలుగు' అనే మాట పొడవు లెన్ అనే ఫంక్షన్‌తో అడిగితే 3 కాదు, 6 అంటుంది. 'అమ్మ' అంటే 4. గుణింతం గుర్తులూ పొల్లూ దేనికది విడిగా లెక్కలోకి వస్తాయి. మాటని తిరగేసి చూపించే ప్రోగ్రామ్ ఇంగ్లీషు పేరుకి చక్కగా పనిచేసి తెలుగు పేరుకి చెత్త చూపించేది అందుకే, మీ కోడ్‌లో తప్పు ఉండి కాదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. నేను చెప్పిన ఆ ముక్కముక్క డీబగ్గర్ చాలా నిదానం. పది వరుసల లిస్టు మీద హాయిగా ఉంటుంది, వేల వరుసల ఎక్సెల్ ఫైలు ఇచ్చి నడిపితే టీ తాగి రావచ్చు. అసలు డేటాతో పనిచేసేటప్పుడు మామూలుగా ఎఫ్5తో నడపడమే మేలు. రెండోది ప్యాకేజీలు, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన అదనపు కోడ్. టూల్స్ మెనూలో ప్యాకేజీలు వేసుకునే చోటు ఉంది, ఓపెన్‌పైఎక్సెల్ (openpyxl, ఎక్సెల్ ఫైళ్లతో పనిచేసేది) లాంటివి పేరు వెతికి ఒక నొక్కుతో వేసుకోవచ్చు, చాలా సుఖం. కానీ అవి థోనీ తెచ్చుకున్న పైథాన్‌కి చేరతాయి. మీ కంప్యూటర్‌లో ఇంకో పైథాన్ విడిగా ఉంటే, అదే ఫైలుని బయట కమాండ్ ప్రాంప్ట్ నుంచి నడిపినప్పుడు మాడ్యూల్ దొరకలేదని ఎర్రర్ వస్తుంది. 'అక్కడ పనిచేసింది, ఇక్కడెందుకు చేయదు' అనే ప్రశ్నకి పదింట తొమ్మిదిసార్లు జవాబు ఇదే.

చూడ్డానికి పాతకాలం సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది, దాని గురించి నాకు పట్టింపు లేదు. గిట్ (కోడ్‌లో చేసిన మార్పుల చరిత్ర దాచే సాధనం) లోపల లేదు. పది ఫైళ్ల ప్రాజెక్టు అయితే ఏది ఎక్కడుందో వెతుక్కోవడం విసుగు, ఆ దశకి వచ్చినవాళ్లు వీఎస్ కోడ్ అనే పెద్ద ఎడిటర్‌కి వెళ్లిపోవాలి, నేనూ వెళ్లాను. కానీ మొదటిరోజే వీఎస్ కోడ్ పెట్టుకోమనే సలహాతో నేను ఒప్పుకోను. అందులో ఎక్స్‌టెన్షన్ వేయాలి, ఇంటర్‌ప్రెటర్ (కోడ్‌ని నడిపే పైథాన్) ఎంచుకోవాలి, పైగా ఇప్పుడు ఏఐ సగం లైను రాయగానే మిగతాది బూడిదరంగులో రాసి పెడుతోంది, ట్యాబ్ నొక్కితే ప్రోగ్రామ్ తయారు. ఉద్యోగం చేసేవాళ్లకి అది వరం. ఫర్ లూప్ ఎన్నిసార్లు తిరుగుతుందో ఇంకా తెలియనివాడికి మాత్రం అది వేరేవాళ్ల హోంవర్క్ చూసి రాయడమే.

పికో, ఈఎస్‌పీ32 లాంటి, ప్రోగ్రామ్ ఎక్కించుకునే చిన్న ఎలక్ట్రానిక్స్ బోర్డులతో ఆడాలనుకునేవాళ్లకి ఇది ఇంకా లాభం. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న పికోని యూఎస్‌బీకి తగిలించి, ఆప్షన్స్‌లో ఇంటర్‌ప్రెటర్ దగ్గరికి వెళితే మైక్రోపైథాన్‌ని (ఇలాంటి బోర్డుల కోసం చేసిన చిన్న పైథాన్) థోనీయే బోర్డులోకి ఎక్కిస్తుంది. ఎల్‌ఈడీ వెలిగించడానికి వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మా తమ్ముడు చదువు కన్నా దీని మీదే ఎక్కువసేపు కూర్చుంటున్నాడని పిన్ని నా మీద కోపంగా ఉంది.

ఇంట్లో విండోస్ 7 పాత కంప్యూటర్ మాత్రమే ఉంటే, థోనీ సైట్‌లో పైథాన్ 3.8తో వచ్చే 32 బిట్ ఇన్‌స్టాలర్ విడిగా ఉంటుంది, అది తీసుకోండి. నేర్చుకోవడానికి 3.8కీ కొత్తదానికీ పెద్ద తేడా లేదు, ఒక్క ఎర్రర్ మెసేజ్‌ల్లో తప్ప: 3.10 నుంచి పేరులో స్పెల్లింగ్ తప్పితే 'ఇదా మీరు అనుకున్నది' అని సరైన పేరు సూచిస్తుంది, మూయని బ్రాకెట్ ఏదో చెబుతుంది. కంప్యూటరే లేదు, ఫోనే దిక్కు అంటే థోనీ పనికిరాదు, ఆండ్రాయిడ్‌లో పైడ్రాయిడ్ 3 ఉంది. ఫోన్ కీబోర్డు మీద ఇండెంటేషన్ (లైను ముందు వదిలే ఖాళీలు) కొట్టడం చిరాకే, ఒక ఓటీజీ కేబుల్ పెట్టి మామూలు కీబోర్డు తగిలించుకోండి.