జింక వేటకి సింగిల్ షాట్ హ్యాండ్‌గన్: కంటెండర్ 30-30 ఆ, ఎన్‌కోర్ 7ఎంఎం-08 ఆ?

అమెరికాలో లైసెన్స్ తీసుకుని వైట్‌టెయిల్ జింకల వేటకి సింగిల్ షాట్ హ్యాండ్‌గన్‌తో (ఒకసారికి ఒక్క తూటానే పట్టే చేతి తుపాకీ) వెళ్దాం అనుకునేవాళ్ళకి నేనైతే ఈ రెండిట్లోనే చూడమంటా (మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట సంగతి తెలిసిందేగా). రెండు తుపాకులూ థాంప్సన్ సెంటర్ కంపెనీవే, కంటెండర్ 1967లో వచ్చింది, ఎన్‌కోర్ 1990లలో. 30-30, 7ఎంఎం-08 అనేవి వాటిలో వాడే తూటా రకాలు. బ్యారెల్ మారిస్తే క్యాలిబర్ (తూటా సైజు) మారిపోద్ది, కానీ దీని బ్యారెల్ దానికి పట్టదు, సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు జాగ్రత్త.

అసలు తేడా ఫ్రేమ్ బలంలో ఉంది. తూటా పేలినప్పుడు లోపల పుట్టే ప్రెషర్ 30-30కి 42,000 పీఎస్ఐ దాకానే, కంటెండర్ హాయిగా తట్టుకుంటుంది, 7ఎంఎం-08 అయితే 61,000, దానికి ఎన్‌కోర్ లాంటి గట్టి ఫ్రేమే కావాలి.

30-30ని పాతకాలం లివర్ రైఫిల్ (కింది లివర్ లాగి తూటా ఎక్కించేది) తూటా అని తీసిపారేస్తారు గానీ అది అన్యాయం, ఆ రైఫిల్స్ ట్యూబ్ మ్యాగజైన్‌లో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, బుల్లెట్ మొన ముందున్న తూటా ప్రైమర్‌కి (తూటా అడుగున దెబ్బ తగిలితే పేలే భాగం) ఆనుకుంటుంది కాబట్టి మామూలుగా మొద్దు మొనవే వాడాలి, సింగిల్ షాట్‌లో ఆ గొడవే లేదు, రీలోడింగ్ (తూటాలు సొంతంగా నింపుకోవడం) చేసుకునేవాళ్ళు కోసు మొన బుల్లెట్ పెట్టుకుంటే దూరం వెళ్ళినా స్పీడ్ అంతగా పడిపోదు. 14 అంగుళాల బ్యారెల్‌తో 100, 125 గజాల్లో జింకకి ధారాళంగా చాలు.

7ఎంఎం-08 ఇంకా దూరం పనిచేస్తుంది, నిజమే, కానీ పొట్టి బ్యారెల్‌లో చప్పుడు, మంట, రీకాయిల్ (వెనక్కి తన్నే దెబ్బ) అన్నీ ఎక్కువే, దాంతో చాలామంది ట్రిగ్గర్ నొక్కేముందే ఉలిక్కిపడతారు. ఉన్నది ఒక్కటే తూటా, గురి తప్పితే జింక గాయంతో పారిపోయి నరకం చూస్తుంది, అది నేను ఒప్పుకోలేను.

అందుకే నా ఓటు కంటెండర్‌కే. వెస్ట్ టెక్సాస్ లాంటి బయలు ప్రాంతమైతే, బాగా ప్రాక్టీస్ ఉంటే, ఎన్‌కోర్ తీసుకోండి. ఏదైనా సరే క్యాలిబర్, బ్యారెల్ పొడవు రూల్స్ రాష్ట్రానికో రకం, కొనకముందే చూసుకోండి.