బందరు కోట చూడండి, రాత్రికి మాత్రం ఉండకండి

విజయవాడ నుంచి బందరు (మచిలీపట్నం) 70 కిలోమీటర్లే, పొద్దున బస్సెక్కితే రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు. అమ్మ తీరిగ్గా చూద్దామంటే బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దిగాం. ఫోన్‌లో ఏసీ గది 1,400 అన్నారు. దిగాక మూడో మనిషికి పరుపని ఇంకో 300 వేశారు. రాత్రి పదకొండుకి ఏసీ ఆగిపోయింది. కిందికెళ్లి అడిగితే కౌంటర్లో కుర్రాడు "లో వోల్టేజీ సార్, మేమేం చేస్తాం" అంటాడు, పక్క గది ఏసీ మాత్రం భేషుగ్గా నడుస్తోంది. దోమలతో తెల్లవార్లూ జాగారం. పొద్దున ఒక్క రూపాయి తగ్గించలేదు సరికదా బిల్లడిగితే జీఎస్టీ అదనం అన్నాడు. టిఫిను అయ్యేదాకా అమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ కోపం ఆటో ఎక్కాక దిగింది. కోట, డచ్చి వాళ్ల సమాధులు, చిలకలపూడి పాండురంగడి గుడి, మంగినపూడి బీచి, అన్నీ కలిపి 700కి ఒప్పుకున్న పెద్దాయన ఒక్క చోట కూడా తొందరపెట్టలేదు.

కోట అంటే గోల్కొండ లాంటిది ఊహించుకోకండి. ముళ్లకంపల మధ్య పాత కట్టడాలు కొన్ని మిగిలాయి, అంతే. కానీ అక్కడ జరిగినవి తెలిసి వెళ్తే కాళ్లు కదలవు. గోల్కొండ నవాబుల రేవు ఇది. 1605లో డచ్చి వాళ్లు, 1611లో ఇంగ్లీషు వాళ్లు, 1669లో ఫ్రెంచి వాళ్లు ఇక్కడ దిగింది మన కలంకారీ బట్టల కోసం. మద్రాసు కోటకి పునాది పడకముందే బందరులో ఇంగ్లీషు వాళ్లకి గిడ్డంగి ఉంది! 1759 ఏప్రిల్లో ఒక రాత్రి ఇంగ్లీషు వాళ్ల కల్నల్ ఫోర్డ్ తన కన్నా ఎక్కువ మంది ఉన్న ఫ్రెంచి సైన్యం మీద పడి ఈ కోట పట్టుకున్నాడు, ఒక దళమైతే బురదలోంచే నడిచి వచ్చింది. దాంతో కోస్తాలో ఫ్రెంచి వాళ్ల పట్టు పోయింది. ఇంత కథ ఉన్న చోట ఆ కథ చెప్పే తెలుగు బోర్డు ఒక్కటీ మా కంటపడలేదు. నాకు నిజంగా కడుపు మండింది.

సమాధుల దగ్గర అమ్మ చాలాసేపు నిలబడిపోయింది. నల్లరాతి మీద ఉబ్బెత్తుగా చెక్కిన డచ్చి అక్షరాలు, వంశ చిహ్నాలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. 1864 నవంబరు తుపానులో సముద్రం ఊరి మీదికొచ్చి సుమారు 30 వేల మంది పోయారని నేను చెబితే, అమ్మ వెంటనే 1977 దివిసీమ ఉప్పెన ఎత్తుకుంది. ఆటో పెద్దాయన కూడా కలిశాడు, ఇద్దరూ ఆ సంగతులు మాట్లాడుకుంటూనే చిలకలపూడి దాకా వచ్చారు.

గుడి ప్రశాంతంగా ఉంది. మంగినపూడి బీచిలో ఇసుక కన్నా నల్లమట్టే ఎక్కువ, అరగంట చాలు.

తిరుగు దారిలో పెడన తప్పకుండా ఆగండి. అద్దకం చేసేవాళ్ల దగ్గరే కలంకారీ దుప్పటి 850కి కొన్నాం, అచ్చులు వేయడం కూడా ఓపిగ్గా చూపించారు. తొక్కుడు లడ్డు మాత్రం బందరులోనే, రుచి చూశాకే కొనండి. మేం అర కిలో 240 పెట్టి తీసుకున్నాం, నెయ్యి వాసన చూడగానే అమ్మ ఇంకో అర కిలో కట్టించింది.