తిండి విన్యాసాల చిన్న వీడియోలు: పిల్లలతో కలిసి రెండేళ్లు చూశాక

మా అబ్బాయికి నాలుగేళ్లు నిండినప్పటి నుంచి ఇప్పటిదాకా, అంటే దాదాపు రెండేళ్లుగా, తిండి విన్యాసాల చిన్న వీడియోలను వాడి పక్కన కూర్చుని చూస్తూ వచ్చాను. ఒక్క గుక్కలో సీసా ఖాళీ చేసేవారు, నిమిషంలో పళ్లెం ఊడ్చేసేవారు, ఘాటుకు కళ్లవెంట నీళ్లు కారుతున్నా నమలడం ఆపనివారు, చెప్పులా కనిపించే కేకును కత్తితో కోసి చూపేవారు, అందరూ ఒకే వరుసలో వేలు జరిపినకొద్దీ వస్తూనే ఉంటారు. ఇవి చిన్నపిల్లలకు తగునా అని ఆలోచించినప్పుడు మొదట్లో నేను వెతికింది బూతు మాటలు, రక్తం, భయపెట్టే దృశ్యాలు మాత్రమే. ఆ లెక్కన చూస్తే వీటిలో చాలావరకు నిక్షేపంగా ఉన్నట్టే. వీడియోలోంచి కత్తిరించి తీసేసిన భాగం సంగతి అప్పటికి నాకు తట్టలేదు.

ఒకనాటి సాయంత్రం వాడు గిన్నెలోని ద్రాక్షపళ్లను ఒక్కొక్కటిగా బుగ్గల్లో దోపుకుంటూ, వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ కనిపించాడు. ఏడో పండు దగ్గర లెక్క ఆగిపోయి, కళ్లు నా వైపు తిరిగాయి. వెంటనే ముందుకు వంచి, నోట్లో ఉన్నవన్నీ నా అరచేతిలోకి ఉమ్మించాను. అదృష్టవశాత్తూ ఏమీ కాలేదు. తర్వాత ఇద్దరం ఆ వీడియోను మళ్లీ చూశాం. అందులోని యువకుడు బుగ్గలు నిండుగా ఉబ్బించి బొటనవేలు ఎత్తి చూపుతాడు, అంతటితో అయిపోయి మళ్లీ మొదటి నుంచి వస్తుంది. “ఆ తర్వాత వాటిని ఏం చేశాడురా?” అని అడిగితే, మావాడు ఏమాత్రం తడుముకోకుండా “మళ్లీ తింటాడు” అన్నాడు. అంటే వాడి దృష్టిలో ఆ మనిషి ఉమ్మేదీ లేదు, ఉక్కిరిబిక్కిరి అయ్యేదీ లేదు, బుగ్గలు వాటంతటవే ఖాళీ అయి మళ్లీ నిండుతూ ఉంటాయి.

పసివాళ్ల శ్వాసనాళం సన్నగా ఉంటుంది, నమలడానికీ మింగడానికీ పొందిక ఇంకా పూర్తిగా కుదిరి ఉండదు. అందుకే ఐదేళ్లలోపు పిల్లలకు ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేసి పెట్టమని వైద్యులు చెబుతారు. ఆ జాగ్రత్త నాకు తెలిసిందే, పాటిస్తున్నదే. కానీ వాడి కంటికి ఆ రోజు నేను కోసి పెట్టిన ముక్కల కంటే ఫోనులోని నిండు బుగ్గలే ఘనంగా కనిపించాయి.

ఘాటు సవాళ్ల విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. 2023 సెప్టెంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో విపరీతమైన కారం పట్టించిన ఒకే ఒక్క చిప్‌ను తినే సవాలులో పాల్గొన్న 14 ఏళ్ల బాలుడు చనిపోయాడు. అతనికి గుండె పెద్దదై ఉండడంతోపాటు పుట్టుకతో వచ్చిన ఒక లోపం కూడా ఉందనీ, మిరపకు ఘాటునిచ్చే క్యాప్సెయిసిన్ ఎక్కువగా ఉన్న పదార్థం తిన్న తర్వాత గుండె, శ్వాస ఆగిపోయాయనీ శవపరీక్షలో తేలింది. ఆ చిప్‌ను అమ్మకం నుంచి ఉపసంహరించారు. అంతకు పదేళ్ల ముందు ఊరూరా పాకిన దాల్చినచెక్క పొడి సవాలుదీ ఇలాంటి కథే. నీళ్లు లేకుండా చెంచాడు పొడి మింగబోతే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, అందులోని సెల్యులోజు పీచు అక్కడ కరగదు. వీడియోలో మాత్రం దగ్గు వచ్చిందంటే నవ్వుల శబ్దం కలుపుతారు.

దక్షిణ కొరియాలో 2010 ప్రాంతంలో ప్రత్యక్ష ప్రసారాలుగా మొదలైన ముక్‌బాంగ్ అనే తిండి కార్యక్రమాన్ని పిల్లలకు చూపవచ్చా అని కొందరు నన్ను అడిగారు. గంటసేపు కబుర్లాడుతూ తినే కార్యక్రమాన్ని నిమిషానికి కుదించేసరికి కబుర్లు పోయి మింగడం ఒక్కటే మిగులుతోంది, కనుక చూపను. ఆహారం వృథా కాకుండా 2021లో చైనా తెచ్చిన చట్టం అతిగా తినే వీడియోలను నిషేధించి, 1,00,000 యువాన్ల వరకు జరిమానా పెట్టింది.

కేకు వీడియోల దగ్గర నేను బోర్లాపడ్డాను. ఎవరూ గబగబా మింగరు, కారానికి ఏడవరు, చేతి పనితనం చూసి పిల్లలు ముచ్చటపడతారు కదా అని నిశ్చింతగా చూపించాను. పెద్దవాడికి అవి నిజంగానే మేలు చేశాయి, ఇది దేనితో చేశారో అని ఊహించడం నేర్చుకున్నాడు. మూడేళ్ల చెల్లి మాత్రం మర్నాడు స్నానాల గదిలో సబ్బును కొరికింది. దాని ముందు పళ్ల గాట్లు పడిన ఆ సబ్బు చూసి నవ్వుకున్నాం గానీ, సబ్బు స్థానంలో ఇంకేదైనా ఉంటే నవ్వే పని ఉండేది కాదు.

మేము వాడిన ఒక యాప్‌లో ‘ఆసక్తి లేదు’ అని నొక్కితే నాలుగు రోజులు పనిచేసి, మళ్లీ అవే బుగ్గలు ప్రత్యక్షమయ్యేవి. యూట్యూబ్ కిడ్స్‌లో మనం ఎంచిన వీడియోలు మాత్రమే కనిపించేలా పెట్టుకునే వీలుంది. ఒక పూట కూర్చుని ఎంచి పెట్టాక మాకు కాస్త ఊపిరి ఆడింది. పక్కన పెద్దవాళ్లు లేకుండా చూసే పిల్లలకైతే తిండి విన్యాసాలకు నేను ఐదుకు ఒకటి ఇస్తాను, ఆ ఒకటి కూడా వండడం, మలచడం చూపేవాటికే.

ఇప్పుడు ఆరేళ్ల వాడు తినే వీడియో ఎక్కడైనా కనిపిస్తే ముఖం కాకుండా గొంతు చూస్తున్నాడు. “అమ్మా, ఆపు, గుటక పడలేదు” అని వాడే పట్టేస్తున్నాడు. చెల్లికి మాత్రం ఇంకా ఏవీ చూపించడం లేదు.