స్నాప్‌సీడ్‌తో ఆరేళ్లు: దేవుడి బొమ్మలు, స్నేహితుల చూపు

హుస్సేన్ సాగర్ బుద్ధుడి మీద నీటి అలలు పరిచిన ఫొటో ఒకటి నా ఫోన్‌లో ఉంది. ఆరేళ్లలో స్నాప్‌సీడ్ అనే ఫొటో ఎడిటింగ్ యాప్‌తో నేను చేసిన వందల బొమ్మల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. ఈ యాప్‌తో ఎంత పని జరుగుతుందో, ఏ పని మాత్రం మనుషులే చేయాలో నాకు తెలిసింది ఆ బొమ్మ చేసినప్పుడే.

1990 మార్చి 10న ఆ విగ్రహాన్ని చెరువు మధ్యలోని జిబ్రాల్టర్ రాక్ దగ్గరికి తీసుకెళ్తుంటే నీళ్లలో పడిపోయింది. సుమారు 350 టన్నుల ఏకశిల. మళ్లీ పైకి తీసింది 1992 డిసెంబర్ 1న. మా నాన్న అప్పట్లో రోజూ ట్యాంక్‌బండ్ మీదుగానే డ్యూటీకి వెళ్లేవారు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు నీళ్లకేసి చూస్తూ "లోపల బుద్ధుడున్నాడు" అనుకునేవారని ఇప్పటికీ చెప్తారు. నీళ్లలో ఉన్న ఆ రెండున్నరేళ్లకు పైబడిన కాలాన్ని ఒక్క ఫొటోలో చూపించాలని నా కోరిక.

పొద్దున్నే వెళ్లి విగ్రహాన్ని ఒకటి, రెయిలింగ్ పక్క నుంచి అలల్ని ఒకటి తీసుకున్నాను. స్నాప్‌సీడ్‌లో విగ్రహం ఫొటో తెరిచి, టూల్స్‌లో డబుల్ ఎక్స్‌పోజర్ నొక్కి, అలల ఫొటోను పైన వేసి, లైటెన్ (రెండు ఫొటోల్లో ఏది వెలుతురుగా ఉంటే అది కనబడే పద్ధతి) పెట్టాను. అలలు విగ్రహమంతా ఒకేలా పరుచుకుని, ముఖం కూడా కనబడకుండా పోయింది. ఇక్కడే ఈ యాప్ అసలు బలం ఉంది. వ్యూ ఎడిట్స్‌లోకి వెళ్తే, చేసిన మార్పు ఎక్కడ ఎంత కనబడాలో బ్రష్‌తో వేలితో దిద్దుకోవచ్చు. బ్రష్ బలం మోకాళ్ల కింద 100, ఛాతీ దగ్గర 50, ముఖం మీద 25 పెట్టాను. అరగంటలో బుద్ధుడు నీళ్లలోంచి లేస్తున్నట్టు వచ్చింది. సంతోషం పట్టలేక వెంటనే స్కూల్ స్నేహితుల గ్రూపులో పెట్టేశాను.

అందులో ఒకడి ఇంట్లో బౌద్ధం పాటిస్తారు. వాడు ఫోన్ చేసి, "అంతా బాగుంది, చెయ్యి కనబడట్లేదు. భయపడొద్దని చెప్పేది ఆ చెయ్యే కదరా" అన్నాడు. మళ్లీ చూశాను. పైకెత్తిన కుడిచేతి మీద, అభయముద్ర మీదే అల తెల్లగా పడింది. విగ్రహం చెప్పే మాటనే నేను కప్పేశానన్నమాట. ఫొటో యాప్‌లో ఇంకా తెరిచే ఉంది కాబట్టి బ్రష్‌ను 0కి తెచ్చి అరచేతి మీద నీళ్లన్నీ తుడిచాను. ఆ రోజు నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. ఎవరి నమ్మకానికి సంబంధించిన బొమ్మ అయితే వాళ్లలో ఒకరికి చూపించేదాకా యాప్ మూయను, గ్రూపులో పెట్టను.

ఫ్లిప్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రొటేట్ టూల్‌లో ఒక్క నొక్కుకి ఫొటో అద్దంలో చూసినట్టు తిరిగిపోతుంది. పెళ్లి ఫొటోకి, పూల ఫొటోకి పర్వాలేదు. దేవుడి బొమ్మ తిరిగితే అర్థమే మారుతుంది. చవితికి మా ఇంటి మట్టి వినాయకుడి ఫొటో తిప్పాను, దీపం కుడివైపు ఉంటే బాగుంటుందని. పక్కింటి పంతులు గారు చూడగానే "తొండం కుడికెలా వచ్చింది నాయనా?" అన్నారు. కుడివైపు తొండం ఉన్న మూర్తికి నియమాలు ఎక్కువని, ఇళ్లల్లో మామూలుగా ఎడమవైపు తొండం మూర్తినే పెట్టుకుంటారని చెప్పారు. గడప మీది స్వస్తిక్ తిరగబడుతుంది, అభయహస్తం ఎడమచెయ్యి అవుతుంది. దేవుడి బొమ్మల వరకు ఫ్లిప్‌ను నేను పూర్తిగా మానేశాను.

పాతబస్తీ దారుల్‌షిఫా మిత్రుడు నేర్పింది ఇంకా పెద్దది. మొహర్రంలో ఊరేగించే అలం (పవిత్ర ధ్వజం) మీద ఉండే పంజాను, మన ఊళ్లల్లో పీర్ల మీద చూసే చేతిని, బుద్ధుడి అభయహస్తంలో కలిపేసి ఒకే చెయ్యిగా చేద్దామనుకున్నాను. పంజా ఫొటో వాడే తన ఇంట్లో తీసి పంపాడు. బొమ్మ చూసి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు: "ఆ ఐదు వేళ్లు మాకు ఐదుగురు భాయ్. ప్రవక్త, అలీ, ఫాతిమా, హసన్, హుసేన్. ఇంకో చేతిలో కరిగిస్తే వాళ్లు కనబడరు. పక్కపక్కన పెట్టు, రెండూ ఉంటాయి." తర్వాత నన్ను మొహర్రం సంతాపానికి అలాలు నిలిపే బాద్షాహీ ఆశూర్‌ఖానాకు తీసుకెళ్లాడు. కులీ కుతుబ్ షా కాలం నాటి కట్టడం. గోడల మీద రంగురంగుల పింగాణీ పలకలతో పేర్చినది కూడా అలం ఆకారమే. అంత పెద్ద గోడ మీద దాని చుట్టూ ఎంత జాగా వదిలారో చూశాక వాడి మాట ఇంకా బాగా అర్థమైంది.

పక్కపక్కన పెట్టడానికి స్నాప్‌సీడ్‌లో దారి ఉంది. ఎక్స్‌పాండ్‌లో నలుపు ఎంచుకుని ఫొటోను ఒక పక్కకు పెంచి, ఆ నల్లటి జాగాలో రెండో ఫొటోను డబుల్ ఎక్స్‌పోజర్‌తో లైటెన్ పెట్టి కూర్చోబెట్టాలి. ఓపిక కావాలి. లేయర్లు ఉండవు, ఒక్కసారికి ఒక్క ఫొటోనే వేయగలం. ఇది లోటే, కానీ డబ్బు కట్టక్కర్లేదు, యాడ్స్ రావు. 2012లో గూగుల్ కొన్న నిక్ సాఫ్ట్‌వేర్ వాళ్ల యాప్ ఇది.

మధ్యలో మాట రాసిస్తే బొమ్మ గీసిచ్చే ఇంకో యాప్‌కు ఏడాది చందా కట్టాను. సరస్వతిని అడిగితే తీగల్లేని వీణ ఇచ్చింది, ఒక చేతికి ఆరు వేళ్లు. అది తీసేశాను. చర్చికి వెళ్లే ఆఫీసు అక్క కోసం గుడ్ ఫ్రైడేకి శిలువ వెనక బంగారు కిరణాలు పెడితే, "ఆ వెలుగు ఈస్టర్‌ది తమ్ముడూ, శుక్రవారం మేం దుఃఖంలో ఉంటాం" అంది. శుక్రవారానికి కిరణాలు తీసేసి పంపాను, కిరణాలున్న బొమ్మను ఆదివారం పొద్దున పంపాను. పంపడం గురించి ఒక మాట: వాట్సాప్‌లో నేను బొమ్మల్ని డాక్యుమెంట్‌గానే పంపుతాను. మామూలుగా పంపితే సైజు తగ్గిపోయి, వేళ్ల గీతలు, నగల సన్నపని మొదట చెదిరిపోతాయి.

ఇప్పుడు గోల్కొండ బోనాల ఫొటో చేస్తున్నాను. పసుపు పూసిన కుండ, వేపాకులు, పైన దీపం. సెలెక్టివ్‌తో దీపం మీద చుక్క పెట్టి వెలుగు పెంచాను, కుండ మీద చుక్క పెట్టి సాచురేషన్ (రంగు గాఢత) పెంచాను. నిన్న రాత్రి అమ్మకు చూపిస్తే, "దీపం బాగుంది. పసుపే పసుపులా లేదు, కాషాయంలా కొడుతోంది. కింద ఆమె పాదాలెందుకు కోసేశావురా? బోనం ఎత్తుకున్నాక ఆమె కూడా అమ్మవారే కదా" అంది. క్రాప్ తీసేసి పాదాలు మొత్తం వచ్చేలా పెట్టాను. సాచురేషన్ కొద్దికొద్దిగా తగ్గిస్తూ వంటింట్లోంచి పసుపు డబ్బా తెచ్చి ఫోన్ పక్కన పెట్టుకుని సరిచూశాను. ఫొటో యాప్‌లో తెరిచే ఉంది. అమ్మ గుడి నుంచి రాగానే చూపించాలి.